కొవ్వు కరగాలంటే ఎంతసేపు నడవాలి?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఈ మధ్య ఒకే ప్రశ్న పదే పదే కనిపిస్తున్నది. ఒక పల్లె నుండి ఒక సహోదరి ఇలా వ్రాశారు: "అయ్యగారూ, నా వయస్సు 42 సంవత్సరాలు. బరువు 70 కిలోలు. షుగర్ వచ్చే సూచనలు ఉన్నాయి, బరువు తగ్గాలి అని డాక్టరుగారు చెప్పారు. మూడు నెలల నుండి రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు నడుస్తున్నాను. కాటా మీద ముల్లు కదలలేదు. నడకతో ఏమీ కాదు, ఒక పొడి ఉంది, అది తాగితే నెలలో పది కిలోలు తగ్గుతావు అని పక్కింటివారు అంటున్నారు. ఆ డబ్బా ఖరీదు మా ఇద్దరి మూడు రోజుల కూలి. కొనమంటారా? నడక మానేయమంటారా?"

ఈ ఉత్తరానికి రెండు మాటల్లో జవాబు వ్రాసి ఊరుకోవడం మాకు సరి అనిపించలేదు. ఇదే స్థితిలో ఉన్న కుటుంబాలు మన పల్లెల్లో అనేకం. భారత వైద్య పరిశోధన మండలి 2008 నుండి 2020 వరకు దేశమంతటా, పల్లెలూ పట్టణాలూ కలిపి, లక్షా పదమూడు వేల మందిని పరీక్ష చేయించింది. 2023లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మన దేశంలో పెద్దవారిని నూరుమందిని తీసుకుంటే 11 మందికి పైగా షుగర్ వ్యాధి ఉన్నది. 39 మందికి పైగా నడుము చుట్టూ కొవ్వు మితిమీరి ఉన్నది. ఒకప్పుడు పట్నపు జబ్బు అనుకున్నది ఇప్పుడు మన వీధి అరుగు మీద వచ్చి కూర్చున్నది.

మేము వైద్యులము కాము. అయితే వైద్యులు, పరిశోధకులు తేల్చి చెప్పిన సంగతులను తేలిక మాటల్లో మీ ముందుంచగలము. ముందు జవాబు చెబుతాము, తర్వాత కారణాలు చూద్దాము. నడక కొవ్వును కరిగిస్తుంది, ఇందులో సందేహం లేదు. అయితే అది నెమ్మదిగా పని చేస్తుంది. ఇరవై నిమిషాలు మంచి ఆరంభమే గాని, కొవ్వు విషయంలో అది చాలదు. గంటసేపటి నడక, దానితోపాటు కంచంలో కొంచెం తగ్గింపు, ఈ రెండూ కలిస్తేనే ముల్లు కదులుతుంది.

గాదె, డబ్బా

ఇంట్లో బియ్యం ఎలా ఉంచుకుంటామో గుర్తు చేసుకోండి. రోజువారీ వంటకు వంటగదిలో ఒక డబ్బా ఉంటుంది. సంవత్సరానికి సరిపడే ధాన్యం గాదెలో ఉంటుంది. మన శరీరంలో కూడా ఇలాంటి రెండు నిల్వలు ఉన్నాయి. తిన్న అన్నంలోని చక్కెర కొంత కాలేయంలోనూ, కండరాలలోనూ నిలువ ఉంటుంది. ఇది అంతా కలిపి అరకిలో ఉంటుందేమో. ఇది వంటగది డబ్బా. ఖర్చుకు మించి తిన్నదంతా కొవ్వుగా మారి చర్మం కింద, పొట్టలోపల పేరుకుంటుంది. ఇది గాదె.

ఆహారం ఇచ్చే శక్తిని కేలరీలలో కొలుస్తారు. ఒంటి మీది ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి దాగి ఉన్నది. అంటే ఒక కిలో కొవ్వు తగ్గాలంటే, తిన్నదానికంటే 7,700 కేలరీలు ఎక్కువగా ఖర్చు కావాలి. ఒక రోజులో జరగదు, కొన్ని వారాల పని.

ఇప్పుడు మన సహోదరి లెక్క వేద్దాము. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటే గంటకు సుమారు 175 కేలరీలు అదనంగా ఖర్చవుతాయి. ఇరవై నిమిషాలకు అది 60 కేలరీలు. మూడు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా నడిచినా 5,400 కేలరీలు. అంటే ముప్పావు కిలో కంటే తక్కువ కొవ్వు. ఒంట్లో నీరు, ఉప్పు హెచ్చుతగ్గుల వలననే కాటా మీద ముల్లు ఒక కిలో అటూ ఇటూ ఊగుతుంది. అలాంటప్పుడు ఈ ముప్పావు కిలో కనబడకపోవడంలో వింత లేదు. పైగా గేదె పాలు పోసి, రెండు చెంచాల పంచదార వేసుకున్న ఒక కప్పు టీలో 60 కంటే ఎక్కువ కేలరీలే ఉంటాయి. నడిచి వచ్చిన తర్వాత "ఈ రోజు నడిచాను గదా" అని ఒక కప్పు అదనంగా తాగితే ఆ నడక లెక్క అక్కడికి సరి.

ఇప్పుడు ఇరవై నిమిషాలను గంట చేద్దాము. వారానికి ఆరు రోజులు నడిస్తే 1,050 కేలరీలు. ఏడు వారాలు దాటేసరికి ఒక కిలో. దీనితోపాటు రోజుకు 50 గ్రాముల బియ్యం, అంటే దాదాపు ఒక గుప్పెడు బియ్యపు అన్నం తగ్గిస్తే, అది కూడా రోజుకు సుమారు 175 కేలరీలు. రెండూ కలిస్తే మూడున్నర వారాలకే ఒక కిలో. ఇది కాగితం మీది లెక్క. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గించుకుంటుంది, ఆకలి కూడా పెరుగుతుంది. అందువలన నిజంగా తగ్గేది ఇంతకంటే నెమ్మదిగా ఉంటుంది. అయినా తగ్గుతుంది.

నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడి లెక్క కూడా ఇదే కాగితం మీద వేయండి. పది కిలోల కొవ్వు అంటే 77,000 కేలరీలు. నెలలో అది కరగాలంటే రోజుకు రెండున్నర వేలకు పైగా లోటు రావాలి. ఈ సహోదరి రోజంతా ఇంటి పని చేసుకుంటూ ఖర్చు పెట్టేది సుమారు రెండు వేలు. అన్నం పూర్తిగా మానేసినా ఆ లోటు రాదు! కాబట్టి నెలలో పది కిలోలు తగ్గినవారికి తగ్గింది కొవ్వు ఒక్కటే కాదు. నీరు పోయింది, కండ కరిగింది. మూడు రోజుల కూలి కూడా పోయింది. అమ్మా, ఆ డబ్బా కొనవద్దు.

నెమ్మదిగా ఎందుకు? ఎక్కువసేపు ఎందుకు?

ఆగకుండా, ఇంచుమించు ఒకే వేగంతో, ఎక్కువసేపు చేసే వ్యాయామాన్ని ఏరోబిక్ వ్యాయామం అంటారు. అమెరికా వైమానిక దళంలో వైద్యునిగా పనిచేసిన కెన్నెత్ కూపర్ 1968లో 'ఏరోబిక్స్' అనే పుస్తకం వ్రాసిన తర్వాత ఈ మాట లోకమంతటా వాడుకలోకి వచ్చింది. చురుకైన నడక, సైకిలు తొక్కడం, ఈత, నెమ్మది పరుగు ఇవన్నీ ఈ కోవకు చెందినవే.

మనము నడిచేటప్పుడు శరీరం డబ్బాలో నుండీ తీసుకుంటుంది, గాదెలో నుండీ తీసుకుంటుంది. వేగంగా పరుగెత్తితే ఎక్కువ భాగం డబ్బాలోని చక్కెర నుండే వస్తుంది, ఎందుకంటే అది త్వరగా అందుతుంది. నెమ్మదిగా కదిలినప్పుడు కొవ్వు వాటా పెరుగుతుంది. నడక సాగేకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. దీనిని పట్టుకొని కొందరు "నెమ్మదిగా నడిస్తేనే కొవ్వు కరుగుతుంది, పరుగెత్తితే కరగదు" అని చెబుతుంటారు. ఇది సగం నిజం. నడిచే గంటలో కొవ్వు ఖర్చయిందా చక్కెర ఖర్చయిందా అన్నది అంత ముఖ్యం కాదు. డబ్బా ఖాళీ అయితే మిగతా రోజంతా శరీరం గాదె తలుపు తీస్తుంది. రోజులు, వారాలు గడిచిన తర్వాత మొత్తం ఖర్చు ఎంత, మొత్తం తిండి ఎంత అన్నదే లెక్కకు వస్తుంది.

కొద్ది నిమిషాలు చాలా వేగంగా చేసి, ఆగి, మళ్ళీ చేసే వ్యాయామాలు ఈ రోజుల్లో ఫోనులలో చాలా కనిపిస్తున్నాయి. వాటినీ, నిలకడగా చేసే వ్యాయామాన్నీ పోల్చిన అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు 2017లో వచ్చాయి. కొవ్వు తగ్గడంలో రెంటి ఫలితం ఇంచుమించు సమానమని తేలింది. వేగపు వ్యాయామానికి సమయం తక్కువ పడుతుంది. అయితే 50 ఏళ్ళ మనిషికి, మోకాళ్ళ నొప్పులున్న తల్లికి, బి.పి. ఉన్న తండ్రికి ఏది రేపు కూడా, వచ్చే సంవత్సరం కూడా చేయగలిగినది? నిలకడ నడకే. అది ఎక్కువసేపు చేయగలిగినది కనుకనే ఎక్కువ ఖర్చవుతుంది. దాని బలమంతా ఇక్కడే ఉన్నది.

దూరమే లెక్క

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు ఒక మంచి పరిశోధన చేశారు. దాని ఫలితాలు 2004లో వెలువడ్డాయి. 40 నుండి 65 ఏళ్ళ వయస్సులో, బరువు ఎక్కువగా ఉండి, వ్యాయామం అలవాటు లేనివారిని తీసుకున్నారు. తిండి మార్చుకోవద్దని చెప్పారు. కొందరి చేత వారానికి సుమారు 19 కిలోమీటర్లకు సమానమైన నడక చేయించారు. కొందరి చేత అదే దూరానికి సమానమైన పరుగు చేయించారు. ఇంకొందరి చేత సుమారు 32 కిలోమీటర్ల పరుగు చేయించారు. మరికొందరిని ఏమీ చేయవద్దన్నారు. దాదాపు ఎనిమిది నెలలు గడిచాయి.

ఏమి తేలింది? 19 కిలోమీటర్లు నడిచినవారికీ, అదే దూరం పరుగెత్తినవారికీ బరువు ఇంచుమించు ఒకే విధంగా, కొద్దిగా తగ్గింది. 32 కిలోమీటర్లవారికి ఎక్కువ తగ్గింది. ఏమీ చేయనివారు ఉన్నచోటనే ఉన్నారా? లేదు, వారి బరువు పెరిగింది. ఈ చివరి మాటను మీరు గమనించాలని కోరుతున్నాము. ముల్లు కదలలేదని బాధపడేవారు, నడవకపోయి ఉంటే ఆ ముల్లు ఎటు కదిలి ఉండేదో ఆలోచించాలి.

అదే విశ్వవిద్యాలయం వారు 2012లో మరొక పరిశోధన ఫలితాలు ప్రకటించారు. నడక, పరుగు వంటి వ్యాయామం చేసినవారికి కొవ్వు తగ్గింది. బరువులు మాత్రమే ఎత్తినవారికి కండ పెరిగింది గాని, కొవ్వు చెప్పుకోదగినంత తగ్గలేదు. కాబట్టి కొవ్వు పని నడకది, కండ పని బరువులది. రెండూ అవసరమే. వయస్సు పైబడినవారు తిండి తగ్గించి నడుస్తూ మాత్రమే ఉంటే కొంత కండ కూడా పోతుంది. అందుకని వారానికి రెండు రోజులు కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ నెట్టడం వంటివి చేయాలి. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకూడదు.

ఎంతసేపు అన్నదానికి పెద్దలు ఏమంటున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం, ఆరోగ్యం నిమిత్తము పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలి. అమెరికాలోని క్రీడా వైద్యుల సంఘం 2009లో చెప్పినదేమంటే, వారానికి 150 నుండి 250 నిమిషాలు చేస్తే బరువు కొద్దిగానే తగ్గుతుంది, 250 నిమిషాలు దాటితే చెప్పుకోదగినంత తగ్గుతుంది. మన సహోదరి వారానికి చేస్తున్నది 140 నిమిషాలు. ఆమె దారి సరియైనదే, దూరమే చాలలేదు.

కాటా చూడలేని సంగతి

బరువు తగ్గనంత మాత్రాన నడక వృథా అయిందనుకోవడం పొరపాటు. దీనికి మన పక్కనున్న చెన్నపట్నమే సాక్ష్యం. డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన తోటివారు షుగర్ వచ్చే సూచనలున్న 531 మందిని తీసుకొని పరిశోధన చేసి, 2006లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి మామూలు సలహా తప్ప ఏమీ ఇవ్వలేదు. కొందరి చేత తిండిలో మార్పు చేయించి, ఒంటికి శ్రమ లేనివారి చేత రోజూ కనీసం అరగంట నడక చేయించారు. మూడేళ్ళలో మొదటి గుంపులో నూరుకు 55 మందికి షుగర్ వచ్చింది. రెండవ గుంపులో 39 మందికే వచ్చింది. ఆశ్చర్యమేమంటే ఈ రెండవ గుంపువారి బరువు చెప్పుకోదగినంత తగ్గనే లేదు! కాటా ముల్లు కదలకుండానే రోగం వెనక్కు తగ్గింది. నడిచే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. అది కాటాకు కనబడదు, రక్త పరీక్షకు కనబడుతుంది.

సన్నగా ఉన్నవారు కూడా ఈ మాట వినాలి. పూణెలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి 2004లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేసుకున్నారు. ఎత్తుకు తగిన బరువు కొలతలో ఇద్దరూ సరిసమానం. చూస్తే ఇద్దరూ సన్ననివారే. కాని యంత్రంతో కొలిస్తే లండన్ ఆయన ఒంట్లో నూటికి 9 వంతులు, మన పూణె ఆయన ఒంట్లో నూటికి 21 వంతులు కొవ్వు ఉన్నది. లండన్ ఆయన మారథాన్ పరుగులు పరుగెత్తే మనిషి. పూణె ఆయన చేసే వ్యాయామమల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకోకముందే పరుగెత్తి అందుకోవడమేనని సరదాగా వ్రాసుకున్నారు. మన భారతీయులలో చేతులు, కాళ్ళు సన్నగా ఉండి, కొవ్వు పొట్టలోపల దాగి ఉండడం చాలా మామూలు. అందుచేత కాటాకంటే టేపు నమ్మకమైన సాక్షి. అడుగు పక్కటెముకకూ, తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి కొలవండి. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. పురుషులకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు దాటితే జాగ్రత్తపడాలి. పొట్ట లోపలి కొవ్వు మీద నిలకడ నడక బాగా పనిచేస్తుంది. కొన్నిసార్లు బరువు అంతే ఉండి, నడుము తగ్గుతుంది. రవికె వదులైందా, లుంగీ ముడి మారిందా చూసుకోండి.

"పొలం పని చేస్తున్నాము గదా?"

ఈ ప్రశ్న కూడా చాలామంది అడుగుతుంటారు. నిజంగా రోజూ గంటల తరబడి పొలంలో నడిచి పనిచేసేవారికి వేరే నడక అవసరం లేదు. అయితే నిజాయితీగా చూసుకుంటే మన పని ఇప్పుడు ఎలా ఉన్నది? దుక్కి ట్రాక్టరు దున్నుతున్నది, కోత యంత్రం కోస్తున్నది, నీళ్ళు మోటారు తోడుతున్నది. పొలానికి మోటారు సైకిలు మీద వెళ్ళి, గట్టు మీద నిలబడి వస్తున్నాము. నాట్లు, కలుపు వంటి పనులు ఉన్న వారాల్లో ఒళ్ళు అలసిపోతుంది, మిగతా నెలల్లో ఖాళీ. తిండి మాత్రం తాతల నాటి కొలతే. మా వంటి సేవకుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఊరూరికీ బండి మీద ప్రయాణం, ఇంటింటికీ టీ, ఎక్కడ కూర్చున్నా గంటసేపు.

1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, తన తోటివారితో కలిసి, రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూసిన ఫలితాలు ప్రకటించారు. రోజంతా కూర్చొనే డ్రైవర్లకంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. 1956లో వారి యూనిఫారం కొలతలు చూస్తే డ్రైవర్ల నడుము కొలత కూడా ఎక్కువే అని తేలింది. అదే బస్సు, అదే కంపెనీ. తేడా కాళ్ళదే.

ఎలా మొదలుపెట్టాలి?

ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి. ప్రతి వారం అయిదు నిమిషాలు కలపండి. తొమ్మిదవ వారానికి గంట అవుతుంది. ఒకేసారి గంట కుదరనివారు ఉదయం అరగంట, సాయంత్రం అరగంట నడిచినా ఫలితం అదే.

వేగం ఎంత? రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు చూసుకోండి. ఒక రాయి నుండి మరొక రాయికి పన్నెండు నిమిషాలు పడితే మంచి వేగం. రాళ్ళు లేనిచోట ఇంకొక సులువైన గుర్తు ఉన్నది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. కీర్తన హాయిగా పాడగలుగుతుంటే వేగం చాలదు. మాట కూడా రాకుండా రొప్పుతుంటే వేగం ఎక్కువైంది.

చెమటను చూసి మోసపోవద్దు. చెమట నీరు మాత్రమే, చెంబెడు నీళ్ళు తాగితే ఆ బరువు తిరిగి వస్తుంది. కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుంది? 2014లో ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ లెక్కకట్టి చూపించారు. పది కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగా వెళ్ళిపోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. పొట్టకు బెల్టు బిగించి చెమట పట్టించినంత మాత్రాన పొట్ట కరగదు. పొట్ట కండరాలకు మాత్రమే వ్యాయామం చేసినా అక్కడి కొవ్వు మాత్రమే పోదు. ఒళ్ళంతా కదలాలి, అప్పుడు ఒళ్ళంతటా తగ్గుతుంది.

కంచంలో మూడు మార్పులు చాలు. గుప్పెడు బియ్యం తగ్గించి ఆ చోటులో కూర, పప్పు పెట్టండి. టీలో పంచదార సగం చేయండి. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయని గుర్తుంచుకొని, కూరలో నూనె కొలిచి పోయండి. సాయంత్రం పునుగులు, బజ్జీలు తినే అలవాటు వారానికి ఒకసారికి తేవాలి. పెళ్ళిళ్ళు, సంఘ విందులు వచ్చినప్పుడు ఆనందంగా తినండి, మరునాడు మరల దారిలో పడండి.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గుండె జబ్బు ఉన్నవారు, నడిస్తే ఛాతీలో బరువుగా అనిపించేవారు వైద్యుని అడిగే మొదలుపెట్టాలి. షుగరుకు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు మోతాదు గూర్చి వైద్యునితో మాట్లాడి, జేబులో పంచదార గాని బిస్కెట్లు గాని ఉంచుకోవాలి. షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు, ఇంటికి వచ్చి పాదాలు పరీక్షించుకోవాలి. రోడ్డుకు కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా నడవండి. చీకటిలో లేత రంగు బట్టలు కట్టుకోండి. వేసవిలో ఎండ ఎక్కకముందే ముగించండి. స్త్రీలు ముగ్గురు నలుగురు కలిసి నడిస్తే కుక్కల భయమూ ఉండదు, మధ్యలో మానే ప్రమాదమూ తక్కువ.

తగ్గిన తర్వాత ఏమిటి? అమెరికాలో 1994 నుండి ఒక పట్టిక నిర్వహిస్తున్నారు. కనీసం పదమూడున్నర కిలోలు తగ్గి, సంవత్సరం పైగా తిరిగి పెరగకుండా నిలుపుకొన్నవారి వివరాలు అందులో వ్రాస్తారు. వారిలో నూటికి 90 మంది వ్యాయామం మానలేదు, సగటున రోజుకు గంట. ఎక్కువమంది ఎంచుకొన్నది నడకే. తగ్గించడంలో తిండి పాత్ర పెద్దది, నిలబెట్టడంలో నడక పాత్ర పెద్దది.

ఆ గంట ఎవరిస్తారు?

ఇక్కడ ఇంటి పెద్దలతో ఒక మాట చెప్పాలి. ఉదయం నాలుగున్నరకు లేచి, వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, పాలు పితికి, పిల్లలకు టిఫిను, భర్తకు క్యారేజి కట్టే తల్లి గంటసేపు నడవాలంటే ఆ గంట ఆకాశం నుండి ఊడిపడదు. ఇంట్లో ఎవరో ఒకరు దానిని ఆమెకు ఇవ్వాలి. భర్త నీళ్ళు పట్టవచ్చును. ఎదిగిన కొడుకు వాకిలి ఊడ్వవచ్చును, అందులో చిన్నతనమేమీ లేదు. అత్తగారు "ఈ వయస్సులో దీనికి షికార్లేమిటి" అనకుండా, మనుమల జడలు తానే వేయవచ్చును. వీలైతే భార్యాభర్తలు కలిసి నడవండి. రోజంతా మాట్లాడుకోలేని సంగతులు ఆ గంటలో మాట్లాడుకోవచ్చును.

షుగర్ వచ్చిన తర్వాత మందులకు, పరీక్షలకు, ఆసుపత్రి ప్రయాణాలకు ఒక కుటుంబం ఖర్చు పెట్టేది మీకు తెలియనిది కాదు. కన్ను, కిడ్నీ, పాదం ఒకటొకటిగా దెబ్బతిన్న ఇండ్లకు మేము వెళ్ళి కూర్చుని వస్తున్నాము. నలభై ఏళ్ళకు ఒక గంట ఇవ్వలేని ఇల్లు, యాభై అయిదేళ్ళకు రోజంతా మంచం పక్కన కూర్చోవలసి రావచ్చును. దీనిని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంకా చేతిలో సమయం ఉన్నది గనుక చెబుతున్నాము.

కాబట్టి ఈ పత్రిక చదివి పక్కన పెట్టిన తర్వాత ఒక టేపు తీసి ఇంట్లో పెద్దవారందరి నడుములు కొలిచి, క్యాలెండరు మీద తేదీతో వ్రాయండి. రెండు వారాలకొకసారి మాత్రమే కొలవండి, ప్రతిరోజూ కొలిచి నిరాశపడవద్దు. ఆరు నెలల తర్వాత ఆ అంకెలు మాకు వ్రాసి పంపండి. తగ్గినవారి ఉత్తరాలే కాదు, తగ్గనివారి ఉత్తరాలు కూడా చదువుతాము, జవాబు వ్రాస్తాము.

మీ అందరి క్షేమము కోరుచు, వచ్చే నెల మరల కలుసుకుందాము.